మూత విప్పని ఫిల్టరుతో కడప దాకా

శుక్రవారం ఉదయం ఐదూ నలభైకి ఎమ్మిగనూరు బస్టాండులో కర్నూలు బస్సెక్కాను. చేతిలో రెండు సంచులు. ఒకదాంట్లో జత బట్టలు, తువ్వాలు, బీపీ మాత్రలు. రెండోదాంట్లో, నాలుగు పాలిథీన్ కవర్లలో చుట్టిన మా అక్క జీపు ఆయిల్ ఫిల్టరు. నీళ్ళ చెంబు కంటే కాస్త పెద్ద ఇనప డబ్బా అది. పైన మూత, మూత నడుమ బోల్టు, ఒళ్ళంతా నల్లటి జిడ్డు. కండక్టరు టికెట్టు కొడుతూ, "ఏముండాది సార్ దాంట్లో, వాసన కొడతాంది?" అన్నాడు. జీపు సామాను అన్నాను. కాళ్ళ కింద పెట్టుకోమన్నాడు. నేను ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆ డబ్బాను అంత భద్రంగా ఎందుకు పట్టుకున్నానో ముందే చెప్పేస్తాను. నేను ఆలూరులో ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. మా అక్క సుంకమ్మ ఎమ్మిగనూరులో చీరలు నేస్తుంది. బావ నడిపిన పాత డీజిల్ జీపు ఒకటి ఆ ఇంటికి ఇంకో మగ్గంలాంటిది. వీధిలో నేసిన చీరలన్నీ ఆదోనికీ కర్నూలుకూ చేరేదీ, తిరుగు ప్రయాణంలో నూలు వచ్చేదీ దాంట్లోనే. బావ పోయి రెండేళ్ళయినా అక్క ఒక డ్రైవరును పెట్టి దాన్ని నడిపిస్తూనే ఉంది. ఆమె నేత కూలి, ఆ జీపు బాడుగ, ఇంతే ఆ ఇంటి బతుకు.

ఆ జీపును పాడు చేసింది నేను. ఇందులో దాచడానికేమీ లేదు. రెండు నెలల కిందట, అక్కకు ఏదో ఒకటి చేయాలనిపించి, ఆదోనిలో ఒక కొట్టుకు వెళ్ళి, "అన్నిటికంటే మంచి ఇంజను ఆయిల్ ఇవ్వండి" అన్నాను. వాళ్ళు అన్నిటికంటే ఖరీదైనది ఇచ్చారు. తళతళలాడే డబ్బా మీద ఐదు, డబ్ల్యూ, ముప్పై అని ఉంది. నేనే దగ్గరుండి పోయించాను. పది రోజులకు జీపు కింద నేల మీద నూనె మరకలు మొదలయ్యాయి. నెల తిరిగేసరికి ఇంజను వేడెక్కితే చాలు, డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలగసాగింది. మెకానిక్ మస్తాన్ వచ్చి చూసి, ఆయిల్ ప్రెషర్ పడిపోయింది, ఇట్లాగే తిప్పితే ఇంజను పట్టేస్తుంది, సరైన నూనె, కొత్త ఫిల్టరు తెచ్చేదాకా తాళం చెవి తీసి దాచమన్నాడు. బావ ఏ నూనె పోసేవాడో చూద్దామంటే ఖాళీ డబ్బాలన్నీ అక్క కోసి తులసి, మల్లె పెట్టేసింది. ఎండకు వాటి మీద అక్షరం ముక్క మిగల్లేదు. ఫిల్టరు సంగతి బావ ఒక్కడికే తెలుసు. ఇంటి వెనక కూర్చుని తనే మార్చుకునేవాడు, ఏ మెకానిక్కునూ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు.

అక్క నన్ను ఒక్క మాటా అనలేదు. "పోనీలేప్పా, కావాలని పోసినావా ఏమన్నా? పాత ఇనుము కొనే ఆయప్ప ఆదివారం పొద్దున వస్తానన్నాడు. ఆ లోపల దొరికితే బండి ఉంటాది. లేకుంటే ఇచ్చేద్దాం" అంది. తిట్టి ఉంటే నాలుగు ముద్దలు తిని పడుకునేవాణ్ణి. తిట్టలేదు కాబట్టి బస్సెక్కాను.

బయల్దేరేముందు మస్తాన్ డబ్బాను ఇంజను నుంచి ఊడదీసి ఇస్తూ, "ఈ మాదిరిది నేను యాడా చూల్లేదు సార్. మొత్తం డబ్బా చూపిస్తే కొలత చూసి ఇస్తారు. మూత మాత్రం విప్పియ్యొద్దు. లోపల వాషరు చిరిగితే మళ్ళా దొరకదు" అన్నాడు. నాకు ఒకసారి చెప్తే చాలు. ముప్పయ్యేళ్ళు పిల్లలకు సూత్రం తప్పొద్దని చెప్పిన మనిషిని.

గోనెగండ్ల దాటాక పక్క సీటులో కూర్చున్న రైతు, నా సంచి కథ విని, "ట్రాక్టరుకు నేను నలభై నెంబరు పోస్తా సార్. నూనె తేనె మాదిరి చిక్కగుండాల. నీళ్ళ మాదిరి ఉంటే అది నూనెనా?" అన్నాడు. వెనక సీటాయన ముందుకు వంగి, చిక్కటి నూనె పోస్తే చలికాలం పొద్దున్నే బండి లేవదని వాదించాడు. కోడుమూరు దాకా వాళ్ళిద్దరూ కొట్టుకున్నారు. నేను నోటుబుక్కు తీసి రెండూ రాసుకున్నాను.

ఏడూ ముప్పావుకు కర్నూలు. ఈ దారిన వచ్చేవాళ్ళు తెలుసుకోవలసింది ఏమంటే, ఆటో సామాను కొట్లు పది దాటితేగానీ తెరవరు. అంత పొద్దున్నే పరుగెత్తుకు రావలసిన పని లేదు. బస్టాండు బయట తోపుడు బండి దగ్గర ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. బొరుగులు బాగా నానాయి, పప్పుల పొడి దండిగా వేశాడు. బజ్జీ కారానికి కళ్ళలో నీళ్ళొచ్చినా, ఆ రోజు మొత్తం మీద నాకు స్పష్టంగా అర్థమైన వస్తువు అదొక్కటే.

పదింటికి మొదటి కొట్టు. కుర్చీలోని యువకుడు ఫోన్లో ఏదో వెతికి, "పదిహేను డబ్ల్యూ నలభై పోయండి సార్, డీజిల్ బండికి అదే" అన్నాడు. రెండో కొట్టులో పెద్దాయన ఆ మాట విని, "అది కొత్త లారీలకప్పా! మన ఎండలకు, పాత ఇంజనుకు, ఇరవై డబ్ల్యూ యాభై తప్ప పోయొద్దు" అన్నాడు. మూడో కొట్టాయన నా మొహం కూడా చూడకుండా, "బండి పాతదైతే ఏది పోసినా తాగేస్తాది. తక్కువది పోసి నడుపుకోండి" అన్నాడు. డబ్ల్యూ అంటే ఏమిటని అడిగితే ఒకరు బరువన్నారు, ఒకరు చలికాలమన్నారు. కర్నూల్లో చలికాలం ఎన్నాళ్ళుంటుందని దాన్ని డబ్బా మీద వేయాలి? అంకెలంటే నాకు భయం లేదనుకునేవాణ్ణి. నోటుబుక్కులో గళ్ళు గీసి, పట్టిక వేసి, ఎవరు ఏమన్నారో నింపాను. నింపేకొద్దీ పట్టిక అందంగా తయారవుతోంది, నా బుర్ర మాత్రం అంబలి అవుతోంది.

ఫిల్టరు దగ్గర సంగతి ఇంకా అన్యాయం. రెండో కొట్టు పెద్దాయన మంచివాడు. టేపుతో డబ్బా కొలిచి, బల్ల మీద ఏడు రకాల ఫిల్టర్లు వరసగా పెట్టాడు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి తిప్పి బిగించేది, ఒకటి లోపల కాగితం మడతలది. ఏదీ దీనికి చుట్టం కాదు. చివరికి స్పానరు తీసి, "మూత విప్పి చూద్దామా సార్? లోపలిది అగుపిస్తే చెప్పొచ్చు" అన్నాడు.

"వద్దు!" అన్నాను, పరీక్ష హాల్లో చిట్టీ పట్టుకున్నట్టు. "వాషరు చిరుగుతుంది."

ఆయన నన్నూ డబ్బానూ మార్చి మార్చి చూశాడు. "నీ ఇష్టమప్పా. కడపలో ఖాదర్ భాయ్ అని ఉండాడు, పాత జీపుల సామానంతా ఆయప్ప దగ్గరే. ఆడ లేకుంటే యాడా లేదనుకో" అని ఒక చీటీ మీద వీధి పేరు రాసిచ్చాడు.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు కడప బస్సు. నంద్యాల దాటేసరికి కునుకు పట్టింది. ఆళ్ళగడ్డలో బస్సాగితే టీ తాగాను. కిటికీ బయట శనగ చేలు, నల్లరేగడి, మధ్యలో ఎక్కడో ఒక ట్రాక్టరు కనబడితే చాలు, దాంట్లో ఏం నూనె పోశారో అని ఆలోచన. ఇట్లాంటి రోగం నాకు ఇదివరకు లేదు. పక్కన బద్వేలుకు పోయే పత్తి వ్యాపారి కూర్చున్నాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, కొత్త చెప్పులు. నా బాధంతా విని, "మా నాయన జీపులో ఫిల్టరే లేకుండె సార్. పీకి పారేసినాడు. పదేండ్లు తిరిగింది" అన్నాడు. నేను పట్టికలో "ఫిల్టరు అక్కర్లేదు" అని ఇంకో గడి కలిపాను. ఇంతలో ఆయన కిందికి చూసి, "సార్, మీ సంచి కారతాంది" అన్నాడు. నాలుగు కవర్లూ దాటుకుని వచ్చిన నల్లటి చుక్క ఒకటి ఆయన కొత్త చెప్పు మీద తీరిగ్గా కూర్చుంది. తువ్వాలుతో తుడిచాను. ఇంకా పాకింది. మైదుకూరులో బద్వేలు బస్సు కోసం దిగిపోతూ ఆయన నాకు నమస్కారం కూడా పెట్టలేదు, పెట్టనక్కర్లేదు కూడా.

ఆరున్నరకు కడప. బస్టాండుకు దగ్గర్లోనే లాడ్జి దొరికింది. మేనేజరు ముక్కు ఎగబీల్చి, సంచి బయట పెట్టమన్నాడు. ఇంత దూరం తెచ్చినదాన్ని బయట పెట్టేదేమిటి? చివరికి బాత్రూంలో బక్కెట్లో పెట్టేలా రాజీ కుదిరింది. ఎదురుగా మెస్సులో రాగి సంకటి, శనక్కాయల చట్నీ తిని పడుకున్నాను.

శనివారం పదింటికి చీటీలోని వీధి పట్టుకున్నాను. ఖాదర్ భాయ్‌కి డెబ్బై ఏళ్ళ దగ్గర ఉంటాయి. పొట్టి మనిషి, మెడలో కళ్ళజోడు వేలాడుతూ. కొట్టు నిండా పాత జీపుల లైట్లు, హారన్లు, గేరు కర్రలు. డబ్బా చేతికిస్తే ముందు వాసన చూశాడు.

"ఎవరు సార్ ఇంత బాగా బిగించింది?"

"మా బావ. ఇప్పుడు లేరు."

"విప్పుదాం."

"వాషరు చిరుగుతుందండీ..."

"చిరిగితే చిరగనీ. వాషరు ఈడ కోసిస్తా" అని గోడకు తగిలించిన కార్కు షీటు చూపించాడు. డబ్బాను దాని మీద నిలబెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి, కత్తెరతో వాషరు కోసి చేతిలో పెట్టాడు. అర నిమిషం పట్టింది. రెండు జిల్లాలు మోసుకొచ్చిన నా సూత్రం అంతటితో సరి. కర్నూల్లో ఆ పెద్దాయన స్పానరు తీసినప్పుడు ఊరుకుని ఉంటే! నన్ను నేనే తిట్టుకున్నాను, అదీ పైకే.

బోల్టు తిప్పి మూత తీశాడు. లోపల కాగితం లేదు, జల్లెడ లేదు. గట్టిగా చుట్టిన నల్లటి ఉండ ఉంది. రెండు వేళ్ళతో బయటికి లాగి, డీజిల్ పోసిన తట్టలో పెట్టి బ్రష్షుతో కడగసాగాడు. కడిగేకొద్దీ నలుపు విడిచింది. కింద మెరూన్ రంగు తేలింది.

"నూలు సార్ ఇది" అన్నాడు ఖాదర్ భాయ్.

నూలేమిటి, జీపులో?

"దీని లోపల పెట్టేది రాకుండా పోయి శానా ఏండ్లయింది. పాతకాలంలో వచ్చేవాటిలో కూడా నూలు చెత్తే కుక్కి ఉంటాండె. నీ బావ ఎవరి దగ్గరో విని చేసుకున్నాడు." ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఉండను వెలుతురుకు ఎత్తిపట్టాడు. చిల్లుల రేకు గొట్టం మీద నూలు వరస తప్పకుండా, పోగు పక్కన పోగు, ఒక్క చోట కూడా వదులు లేకుండా చుట్టి ఉంది. "అయితే ఇది మెకానిక్ చెయ్యి కాదు సార్. మెకానిక్ అయితే కుక్కుతాడు. ఇది మగ్గం తెలిసిన చెయ్యి."

చివరి పోగు దగ్గర ముడి ఉంది. తెగిన పోగును అతికేటప్పుడు మా ఇంట్లో వేసే చిన్న ముడి. మా బావకు బండి తెలుసు, బజారు తెలుసు. ముడి తెలియదు. ఆయన పుట్టింది నేతింట్లో కాదు. అక్కకు ఫోను చేశాను.

"అక్కా, బావ నిన్ను ఎప్పుడైనా నూలు అడిగేవాడా?"

"అడుగుతాండె. ఎందుకప్పా? ఫిల్టరు దొరికిందా?"

"ముందు ఇది చెప్పు. ఏమని అడిగేవాడు?"

"ఒక రేకు గొట్టం తెచ్చిచ్చి, దీని మీద గట్టిగా చుట్టియ్యి అంటాండె. చీర కోసినాక మిగిలే నూలు ఉంటాది కదా, దాంతో చుట్టిస్తాంటి. రోంత మెత్తగుంటే ఇప్పించి మళ్ళా చుట్టమంటాండె. మగ్గం మీద పని నిలబెట్టి ఇదేం పీడరా దేవుడా అని శానా తిట్టుకుంటాంటి."

"ఎందుకని అడగలేదా?"

"బండి తుడుచుకునేకి అనుకుంటి. తుడిచేదానికి ఇంత గట్టిగా ఎందుకని ఒకపారి అడిగితే, నువ్వు చుట్టు, నేను నడుపుతా అన్నాడు. ఏమప్పా, ఏమైంది?"

చెప్పాను. పక్కింటి మగ్గం చప్పుడు ఫోన్లో వినిపిస్తోంది. "అంటే, ఇన్నేండ్లు ఆ ఇంజను లోపల ఉండింది నేను చుట్టిందేనా?" అంది.

"నువ్వు చుట్టిందే అక్కా."

ఫోను పెట్టేసింది. ఖాదర్ భాయ్ అటు తిరిగి ఏదో డబ్బా సర్దాడు.

ఇక నూనె సంగతి. నా పట్టిక చూపించాను. ఆయన మొత్తం చదివి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "వీళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు సార్. ఒక్కొక్కరు వాళ్ళ వాళ్ళ బండి గురించి చెప్పినారు" అన్నాడు. తర్వాత నెమ్మదిగా వివరించాడు. పాత ఇంజనులో లోపలి భాగాలు అరిగి సందులు పెరుగుతాయట. కొత్త కార్లకు చేసిన పలచటి నూనె ఆ సందుల్లోంచి జారిపోతుంది, ప్రెషర్ నిలవదు. అందుకే ఎర్ర దీపం, అందుకే నేల మీద మరకలు. దీనికి ఇరవై డబ్ల్యూ యాభై, అదీ డీజిల్ ఇంజనుకని రాసి ఉన్నదే పోయాలి. "ఇప్పుడు పోసిందంతా దించేసి పోయి. వేడెక్కినాక లైటు చూడు."

"ఆరుతుందా?"

"నూనె వల్లే అయితే ఆరతాది. బేరింగులు పోయింటే ఆరదు."

"మరి ఫిల్టరు?"

"ఫిల్టరుకూ లైటుకూ సంబంధం లేదు సార్. అది నూనెను కడిగేది, అంతే. దీంట్లోకి నూనె కొంచెం కొంచెంగా పోయి, శుభ్రమై, మళ్ళా కిందికి వస్తాది. మగ్గం చెయ్యి ఇంట్లోనే పెట్టుకుని నా కొట్టుకు వస్తే నేనేం ఇచ్చేది?" అని వాషరు ఇంకొకటి కోసిచ్చాడు. నూనె ఇక్కణ్ణుంచి మోయొద్దని, ఆదోనిలోనే దొరుకుతుందని చెప్పి, చీటీ మీద అంకెలు పెద్దగా రాసిచ్చాడు.

తిరుగు ప్రయాణానికి రైలు మేలు. కడప నుంచి గుంతకల్లు మీదుగా నేరుగా ఆదోనిలో దిగొచ్చు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఎక్కాను. ఎర్రగుంట్లలో జనం ఎక్కారు, తాడిపత్రిలో దిగారు. కడిగిన నూలుండను కాగితంలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎదుటి సీటులో పెద్దావిడ కాగితం సందులోంచి రంగు చూసి, "ఏమి చీర నాయనా అది, రంగు బాగుండాది?" అంది. జీపులోది అంటే నమ్మదని, మా అక్క నేసినదన్నాను. గుత్తి దాకా ఆమె తన పెళ్ళి చీర రంగు గురించి చెప్పింది. హాయిగా విన్నాను. దాంట్లో నెంబర్లు లేవు.

ఆరింటికి ఆదోని. పనిగట్టుకుని మళ్ళీ ఆ కొట్టుకే వెళ్ళాను. చీటీ చూసి ఆయన గుర్తుపట్టాడు. "పోయినసారి మంచిది తీసుకపోతిరి కద సార్, ఇప్పుడు ఇదెందుకు?" అన్నాడు. "ఆ బండికి ఇదే మంచిది" అన్నాను. అంత గట్టిగా అన్నానే గానీ, లోపల నాకేమీ గట్టిగా లేదు. డబ్ల్యూ అంటే బరువో చలికాలమో ఖాదర్ భాయ్‌ని అడగడం మరిచిపోయాను. దీపం ఆరుతుందో లేదో ఆయనకే తెలియదు. రెండు రోజులు, మూడు బస్సులు, ఒక రైలు తిరిగి నేను సంపాదించిన జ్ఞానం, కాళ్ళ దగ్గరున్న నూనె డబ్బా, జేబులో రెండు వాషర్లు. నాలాగా తిరగదలచినవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. బయల్దేరే ముందు మూత విప్పి చూసుకోండి, ఇంట్లోవాళ్ళను అడగండి.

ఎమ్మిగనూరు బస్సు కదిలాక అక్క ఫోను చేసింది.

"యాడుండావప్పా?"

"వస్తున్నా, ఆదోని దాటాం. నూనె తెచ్చా. గొట్టం నా దగ్గరే ఉంది, ఇంటికొచ్చాక చుడుదువు గానీ."

"ఆయన పెట్టెలో ఇంకో గొట్టం దొరికింది. చుట్టేసినా. ఆ ఇనుము ఆయప్ప ఆదివారం దాకా ఆగలే, సందేళే వచ్చినాడు. తూకం చూస్తా, తాళమియ్యి అన్నాడు. ఆగప్పా, నూలు చుడతాండా, మధ్యలో వదిలితే మెత్తబడతాది అన్నా. శానాసేపు కూర్చున్నాడు. అయిపోయినాక, ఇంక పో, బండి ఇయ్యను అన్నా."

"అక్కా, అప్పుడే పంపించేశావా? దీపం ఆరుతుందో లేదో ఇంకా తెలీదే!"

"ఆరకపోతే ఇప్పి, ఇంకా గట్టిగా చుడతా" అంది మా అక్క.

ఫిల్టరుకూ లైటుకూ సంబంధం లేదని ఖాదర్ భాయ్ చెప్పిన మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. "సరే అక్కా, చుట్టు" అన్నాను.